తెల్లనివన్నీ పాలు కావు: పానీయాల ప్రచారం, ప్రతిష్ఠ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 వసంతాలు పూర్తి చేసుకున్న విద్యాలయంలో, సరస్వతీ పూజకు తగిన ఇటువంటి సభలో, పానీయాలను గురించిన ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం ప్రతి విద్యార్థి పుస్తకాల సంచిలోనే ఉంది. సంచికి ఒక ప్రక్కన పుస్తకాలుంటాయి, మరొక ప్రక్కన ఒక సీసా ఉంటుంది. పుస్తకంలో ఏముండాలో నిర్ణయించేవారు విద్యావేత్తలు. సీసాలో ఏముండాలో నిర్ణయించేది మాత్రం చాలా ఇళ్లలో టెలివిజన్‌లోనో సెల్‌ఫోన్‌లోనో కనిపించే ప్రకటన. పుస్తకాన్ని చదవడం నేర్పిన పాఠశాల సీసా మీది అక్షరాలను చదవడం కూడా నేర్పవలసిన కాలం వచ్చింది. ఈ ప్రసంగానికి ప్రయోజనం అంతే.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని తెలుగులో ఒక సామెత. తెల్లనివన్నీ పాలు కావని మరొక సామెత. పానీయానికి గుణం వేరు, పేరు వేరు అన్న సత్యాన్ని పూర్వులు ఈ రెండు చిన్న మాటలలో ఇమిడ్చారు. మంచి పానీయానికి చెడ్డపేరు రావచ్చునని మొదటి సామెత చెబుతుంది. మంచిది కానిది మంచిపేరుతో చలామణి కావచ్చునని రెండవ సామెత హెచ్చరిస్తుంది. గత నూటపాతిక సంవత్సరాల పానీయాల చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు సామెతలకూ కావలసినన్ని ఉదాహరణలు లభిస్తాయి.

నీటితో ప్రారంభించడం ఉచితం. బీదరు నగరవాసులకు నీటి మహిమను ఎవరూ కొత్తగా చెప్పవలసిన పనిలేదు. ఎర్రరాతి పీఠభూమి మీద వెలసిన ఈ నగరంలో 15వ శతాబ్దంలో, బహమనీ సుల్తానుల కాలంలో, పారశీక విద్యను అనుసరించి భూగర్భంలో కాలువ తొలిచారు. నౌబాదు కారేజ్‌గా ప్రసిద్ధమైన ఆ సొరంగం సుమారు 3 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దాని మీద గాలికీ వెలుతురుకూ, నీళ్లు తోడుకొనడానికీ వీలుగా 21 బావులు త్రవ్వారు. మహమూద్ గవాన్ మదరసాలో చదువుకొన్న పండితులను స్మరించుకొనే నగరం, అదే కాలంలో నేల కింద నీటిదారి కనుగొన్న ఆ పనివారిని కూడా స్మరించుకోవాలి. కాలక్రమేణ ఆ కారేజ్ పూడిపోయింది, జనం మరచిపోయారు. 2014లో ప్రపంచ స్మారక చిహ్నాల పరిరక్షణ జాబితాలో బీదరు చారిత్రక నగరం చోటు చేసుకొన్న తరువాత దాని పేరు మళ్లీ వినబడసాగింది, పూడిక తీసే పని జరిగింది.

ఈ నగరంలోనే గురుద్వారా నానక్ ఝీరా సాహెబ్ ఉంది. ఝీరా అంటే ఊట. 16వ శతాబ్ది ఆరంభంలో గురునానక్ ఇక్కడికి వచ్చినప్పుడు మంచినీరు లేక బాధపడుతున్న జనం కోసం తన పాదంతో రాతిని కదిలించగా తియ్యని ఊట వెలువడిందని భక్తుల విశ్వాసం. ఆ నీరు నేటికీ అమృతకుండంలో చేరుతున్నది. దేశం నలుమూలల నుండి యాత్రికులు వచ్చి ఆ తీర్థాన్ని సీసాలలో నింపుకొని పోతారు. ఆ నీటికి విక్రేత లేడు, ప్రకటన లేదు. శతాబ్దాలుగా నోటి నుండి నోటికి వ్యాపించిన ప్రతిష్ఠ అది.

అదే నగరపు వీధులలో నేడు 20 లీటర్ల క్యానులు ఇంటింటికీ చేరుతున్నాయి. బీదరులోనే కాదు, హైదరాబాదు నుండి చిన్న పల్లె వరకు తెలుగువారంతా ఆ నీటిని మినరల్ వాటర్ అనే పిలుస్తారు. నిజానికి చట్టం దృష్టిలో మినరల్ వాటర్ వేరు, శుద్ధిచేసి నింపిన తాగునీరు వేరు. భూగర్భపు ఊటలో సహజంగా ఉన్న ఖనిజ లవణాలతో లభించేది మొదటిది. రెండవది సాధారణంగా బోరు నీటినో కుళాయి నీటినో వడపోసి నింపినది. అందులోనూ ఆర్‌.ఓ. యంత్రం చేసే పనే నీటిలోని లవణాలను చాలావరకు తొలగించడం. లవణాలు తొలగించిన నీటికి లవణాల పేరు పెట్టి పిలవడం విచిత్రం కాదా! శుద్ధమైన నీరు అవసరమే, అందులో తప్పు లేదు. కానీ 1965లో ఇటలీ పేరుతో బొంబాయిలో అడుగుపెట్టిన సీసానీరు, ఆరు దశాబ్దాలలో తన వ్యాపార నామాన్ని యావత్తు దేశం నాలుక మీద ఎలా ప్రతిష్ఠించిందో గమనించవలసిన విషయం. పేరు ముందు వస్తుంది, పరిశీలన తరువాత వస్తుంది. చాలాసార్లు అసలు రానే రాదు.

ప్రచారం అనగానే ఈనాటి చలనచిత్ర తారలే గుర్తుకు వస్తారు. కానీ ఈ దేశంలో అతిపెద్ద పానీయ ప్రచారం జరిగినది తేనీటి కోసం. తేయాకు తోటలు బ్రిటిష్ వారి చేతులలో పెరిగాయి, సరుకు విదేశాలకు పోయేది. 20వ శతాబ్ది ఆరంభంలో భారతీయ గృహాలలో అధికభాగం తేనీటి రుచి ఎరుగనివే. 1903లో ప్రభుత్వం ఎగుమతి అయ్యే తేయాకు మీద ఒక పన్ను విధించి, ఆ సొమ్మును తేనీటి ప్రచారానికి వినియోగించే ఏర్పాటు చేసింది. 1930వ దశకంలో ఆర్థికమాంద్యం వచ్చి విదేశాలలో గిరాకీ పడిపోగానే తోటల యజమానుల దృష్టి స్వదేశపు విపణి మీద పూర్తిగా ప్రసరించింది. రైల్వే స్టేషన్లలో ఎనామిల్ పలకలు వెలిశాయి. తేనీరు కాచే పద్ధతిని దేశభాషలలో బొమ్మలతో వివరించారు. సంతలలో, కర్మాగారాల వాకిళ్లలో ఉచితంగానో నామమాత్రపు ధరకో కప్పులు అందించారు.

ఆ రోజులలో తేనీటికి పెద్దల సమాజంలో మంచిపేరు లేదు. శరీరానికి టీ, కాఫీ, కోకోలలో ఏదీ అవసరం లేదని మహాత్మాగాంధీ ఆరోగ్యంపై రాసిన పుస్తకంలో స్పష్టంగా చెప్పారు. మజ్జిగ, అంబలి తాగే ఇంటిలో టీ తాగేవాడిని దురలవాటు పట్టినవాడిగా చూసిన తరం ఒకటుండేది. స్వాతంత్ర్యానంతరం ఆకును నలిపి చిన్న గుళికలుగా చేసే యంత్రాలు విస్తరించి చవక తేయాకు పొడి పల్లెలకు చేరింది. కొద్ది పొడితో చిక్కని రంగు, పాలు పంచదార కలిపితే శ్రమజీవికి తక్షణ సత్తువ. అంతే, తోటల యజమానుల ప్రచారం జనం అలవాటుగా మారిపోయింది. ఇప్పుడు భారతదేశంలో పండే తేయాకులో అధికభాగం దేశంలోనే ఖర్చవుతున్నది. హైదరాబాదు ఇరానీ చాయ్ ఒక నగర సంస్కృతికి గుర్తయింది. పాత హైదరాబాదు సంస్థానంలో భాగమై, 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరిన బీదరుకు కూడా ఆ చాయ్ పరాయిది కాదు.

తేనీటి కథ నేర్పే పాఠం జాగ్రత్తగా గ్రహించాలి. ప్రచారం ద్వారా వచ్చిన ప్రతిదీ చెడ్డది కాదు. మితంగా తాగే టీ వలన లోకానికి ప్రళయం రాలేదు. అయితే ఒక తరం దురలవాటు అన్నదాన్ని తరువాతి తరం అతిథి మర్యాదగా స్వీకరించడానికి నిరంతర ప్రచారం చాలునని ఈ చరిత్ర రుజువు చేస్తున్నది. పానీయం మారలేదు, పేరు మారింది.

శీతల పానీయాల చరిత్ర ఇంతకంటె వింతైనది. 1886లో అమెరికాలోని అట్లాంటా నగరంలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు కోకాకోలాను రూపొందించినప్పుడు దాన్ని తలనొప్పికీ అలసటకూ పనిచేసే టానిక్‌గా ప్రకటించారు. ఔషధంగా పుట్టినది క్రమంగా వినోదంగా, యౌవనానికి సంకేతంగా మారింది. భారతదేశంలో 1977లో జనతా ప్రభుత్వ కాలంలో, విదేశీ వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి లోబడక ఆ సంస్థ దేశం విడిచిపోయింది. ఆ ఖాళీని పూరించడానికి ప్రభుత్వరంగ సంస్థ ఒకటి డబుల్ సెవెన్ అనే పానీయాన్ని విపణిలోకి తెచ్చింది. 77వ సంవత్సరపు రాజకీయ మార్పుకు గుర్తుగా పెట్టిన పేరది. ప్రభుత్వమే వెనుక నిలిచినా అది నిలదొక్కుకోలేదు. అదే సమయంలో పార్లే సంస్థ తెచ్చిన థమ్సప్ మాత్రం యువజనుల మనసు గెలుచుకొంది. 1993లో కోకాకోలా తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ వంటి పేర్లను కొనివేసింది. కొన్నది కర్మాగారాలను మాత్రమే కాదు, ప్రజల జ్ఞాపకాలలో స్థిరపడిన ఆ పేర్లను. పేరుకెంత విలువ ఉందో ఈ ఒక్క బేరం వలన బోధపడుతుంది.

2003 ఆగస్టులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 12 శీతల పానీయాలలో పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. కంపెనీలు ఖండించాయి. పార్లమెంటు సంయుక్త సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 2004 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఆ పరీక్షా ఫలితాలు సరైనవేనని నిర్ధారించింది. కొంతకాలం అమ్మకాలు తగ్గాయి. ఆ తరువాత తారలు మళ్లీ సీసాలు పట్టుకొని తెరమీద దర్శనమిచ్చారు, జనం మరచిపోయారు. చెడ్డపేరును కూడా ప్రచారంతో కడిగివేయవచ్చునని అప్పుడు తేలింది.

ఈ సందర్భంలో ఒక తెలుగు క్రీడాకారుని పేరు ప్రస్తావించకుండా ఉండడం న్యాయం కాదు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీలో పుల్లెల గోపీచంద్ విజేత అయ్యారు. 1980లో ప్రకాశ్ పదుకోణె తరువాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడాయన. వెంటనే ఒక శీతల పానీయ సంస్థ తమ ప్రకటనలో నటించమని కోరింది. ఆరోగ్యానికి మేలు చేయని పానీయాన్ని, తాను తాగడం మానివేసినదాన్ని, పిల్లలకు తాగమని చెప్పలేనని ఆయన ఆ అవకాశాన్ని తిరస్కరించారు. అప్పటికాయన సంపన్నుడేమీ కాదు. ఆ సొమ్ము అవసరం లేని స్థితి కాదు. తన పేరు విన్న పిల్లవాడు సీసా వైపు చేయి చాచుతాడన్న ఎరుక ఆయనకుంది. పేరు సంపాదించినవారు పేరును అమ్ముకోవచ్చు, కాపాడుకోవచ్చు. ఆయన రెండవ దారి ఎన్నుకొన్నారు.

పిల్లల ఆరోగ్యం పేరిట జరిగే ప్రచారం మరింత సూక్ష్మమైనది. మాల్ట్ పొడి పానీయాలు దీనికి ఉదాహరణ. హార్లిక్స్ సోదరులు 19వ శతాబ్ది చివర అమెరికాలో తయారుచేసిన పొడి మొదట శిశువులకు, రోగులకు ఆహారం. 1930వ దశకంలో ఇంగ్లండులో దానికి గిరాకీ పెంచడానికి రాత్రి ఆకలి అనే ఒక కొత్త జబ్బునే ప్రకటనకర్తలు కల్పించారు. నిద్రలో శరీరం ఆకలితో అలమటిస్తుందని, అందువల్లనే ఉదయం అలసట కలుగుతుందని జనాన్ని నమ్మించారు. మందుకు తగిన జబ్బును వెదకడమంటే ఇదే. భారతదేశానికి వచ్చేసరికి అదే పొడి చదువుకొనే పిల్లల పానీయమైంది. 2008లో పిల్లలను పొడగరులుగా, బలవంతులుగా, చురుకైనవారిగా చేస్తుందన్న ప్రకటన ఒక నేపాలీ ఛానెల్ ద్వారా బ్రిటన్‌లో ప్రసారమైనప్పుడు, అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆధారాలు లేవని దానిని నిషేధించింది. ఇక్కడి తల్లులు ఏళ్ల తరబడి విన్న మాటనే అక్కడ ఒక్కసారి వినిపించేసరికి ఆధారం చూపమన్నారు. ఈ తేడా ఆలోచించదగినది.

2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇంటర్నెట్ వ్యాపార సంస్థలకు ఒక సూచన జారీ చేసింది. మాల్ట్ పొడులను, ఇతర పానీయాలను హెల్త్ డ్రింక్ అన్న విభాగంలో చూపరాదన్నది దాని సారాంశం. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న మాటకు నిర్వచనమే లేదు. అంటే దశాబ్దాలుగా తల్లిదండ్రులు గౌరవంతో పలికిన ఆ పేరుకు చట్టంలో స్థానమే లేదన్నమాట. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఈ పొడులలో కొన్ని విటమినులు, ఖనిజాలు ఉన్నమాట నిజం. చక్కెర కూడా గణనీయంగా ఉన్నమాట అంతే నిజం. మొదటి మాట డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలలోను, రెండవ మాట వెనుకవైపు చీమల బారు వంటి అక్షరాలలోను ఉంటుంది.

ఇంతవరకు చెప్పినవాటిలో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పేరు మోసం ప్రాణం మీదికి తెచ్చే సందర్భం కూడా ఒకటుంది. తల్లిదండ్రులు దీనిని ప్రత్యేకంగా ఆలకించాలి. అది ఓ.ఆర్.ఎస్. కథ.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగినప్పుడు లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ ప్రాంతానికి చేరారు. కలరా ప్రబలింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు నిండుకొన్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే శిశువైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా లవణం తగిన పాళ్లలో నీటిలో కలిపి, పీపాలలో ఉంచి, రోగుల బంధువుల చేతనే కప్పులతో తాగించారు. 100 మందిలో 30 మంది వరకు మరణిస్తున్న శిబిరంలో మరణాలు 3, 4కు తగ్గాయి. 1978లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ఈ ద్రావణాన్ని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కాగలదని ప్రశంసించింది. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఈ ద్రావణం పనిచేసే విధానం సైన్సు విద్యార్థులు తెలుసుకోదగినది. చిన్నప్రేగు గోడలో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి పోయే ద్వారాలున్నాయి. విరేచనాల సమయంలో కూడా ఆ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెంట నీరు కూడా పోతుంది. అయితే పాళ్లు సరిగా ఉండాలి. 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న ప్రకారం ఒక లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉండాలి. చక్కెర దీనికి మించిపోతే విషయం తలకిందులవుతుంది. ఎక్కువైన చక్కెర శరీరంలోని నీటిని ప్రేగులోనికి లాగుతుంది, విరేచనాలు ఆగకపోగా పెరుగుతాయి. ప్రాణం నిలిపే ద్రావణానికీ ప్రమాదం తెచ్చే ద్రావణానికీ ఉన్న తేడా కొన్ని చెంచాల చక్కెర మాత్రమే.

ఈ మూడక్షరాల పేరుకు వైద్యులు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు దశాబ్దాలు శ్రమించి ప్రతిష్ఠ సంపాదించి పెట్టారు. ఆ ప్రతిష్ఠను చూసి కొన్ని సంస్థలు అవే అక్షరాలు తమ వ్యాపార నామాలలో చేర్చి, పండ్ల రుచులు కలిపి, నిర్ణీత పాళ్లకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను అందమైన పెట్టెలలో నింపి అమ్మసాగాయి. అవి అమ్ముడుపోయినది మందుల దుకాణాలలోనే. విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

హైదరాబాదులోని శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ అన్యాయంపై సుమారు 8 సంవత్సరాలు పోరాడారు. అధికారులకు లేఖలు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు, ప్రజలకు నేరుగా వివరించారు. 2022 ఏప్రిల్‌లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పేర్లను నిషేధించింది. అదే సంవత్సరం జూలైలో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ద్రావణం కాదన్న వాక్యం ముద్రిస్తే చాలునని సడలింపు ఇచ్చింది. చీమంత వాక్యం వెనుక, ఏనుగంత పేరు ముందు నిలిచాయి. ఆమె పోరాటం ఆపలేదు. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును ఉపసంహరించి, నిర్ణీత పాళ్లు లేని ఏ పానీయమూ ముందు వెనుకల ఏ పదం చేర్చినా ఆ మూడక్షరాలు వాడరాదని ఆ సంస్థ ఆదేశించింది. కొన్ని కంపెనీలు న్యాయస్థానాలకు వెళ్లినా, నవంబరులో దుకాణాల అరల నుండి వాటిని తొలగించమని రాష్ట్రాలకు మళ్లీ ఆదేశాలు వెలువడ్డాయి. బీదరుకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, ఒక వైద్యురాలి పట్టుదల వలన, దేశంలోని పిల్లలందరికీ మేలు జరిగింది.

కథ ఇంతటితో ముగిసిందని భావించరాదు. పేరు తొలగినా అలవాటు తొలగదు. విరేచనాలు పట్టుకొన్నప్పుడు పొడి పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉన్నదా లేదా చూడాలి. ఆ పొట్లాన్ని చెప్పిన కొలత నీటిలో పూర్తిగా కలపాలి. సగం పొడి సగం నీరు అని ఉజ్జాయింపుగా కలపరాదు. పొట్లం దొరకని వేళ ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 సమతల చెంచాల చక్కెర, అర సమతల చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవచ్చు. చెంచా అంటే టీ చెంచా. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఇక రెండవ సామెత నుండి మళ్లీ మొదటి సామెతకు రావాలి. మంచి గుణం ఉండి చిన్నచూపుకు గురైన పానీయాలు కూడా ఉన్నాయి. జొన్న అంబలి, రాగి అంబలి ఒకప్పుడు కూలినాలి చేసుకొనేవారి ఆహారంగా పేరుపడ్డాయి. బడికి అంబలి తాగి వచ్చానని చెప్పుకొనడానికి పిల్లలు సిగ్గుపడిన రోజులున్నాయి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత అదే అంబలి నగరాలలో గాజు గ్లాసులలో అమ్ముడవుతున్నది. తెల్లవారకముందు దించిన తాజా నీరా, ఎండ ఎక్కి పులిసిన కల్లు ఒకే చెట్టు నుండి వచ్చినా రెండూ ఒకటి కావు. అయినా తాటిచెట్టు నీడ పడినందుకు నీరాకు చాలాకాలం మర్యాద దక్కలేదు. 2023లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన నీరా కేఫ్ ప్రారంభమైన తరువాత కుటుంబాలు పిల్లలతో వెళ్లి తాగుతున్నాయి. గోలీసోడా కథ కూడా ఇటువంటిదే. 1872లో ఇంగ్లండులో హిరామ్ కాడ్ పేటెంటు పొందిన ఆ గోలీ సీసా తెలుగు సంతలలో పేదవాని వేసవి విందు. పెద్ద కంపెనీల ధాటికి మూలపడిన ఆ సోడా 2025లో విదేశాలకు ఎగుమతి అయింది.

అయితే ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. అంబలి గొప్పదన్న పేరు రాగానే, రాగి అన్న మాటను పెద్ద అక్షరాలలో ముద్రించి లోపల చక్కెర నింపే పొట్లాలు రాకమానవు. ప్యాకెట్ పండ్ల రసాలలో పండ్ల గుజ్జు 10 శాతమే ఉండవచ్చునని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలలో హెచ్చరించింది. పాత పేరైనా కొత్త పేరైనా పరీక్ష ఒక్కటే కావాలి. ఆ పరీక్ష సీసా వెనుకవైపున ఉంది.

ఆ పరీక్ష ఎంతో కష్టమైనది కాదు, మూడు అంశాలు చాలు. మొదటిది, పదార్థాల జాబితా. చట్టం ప్రకారం బరువులో ఎక్కువైనది ముందు, తక్కువైనది తరువాత రాయాలి. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర ఉంటే ముందువైపు ఏ బొమ్మ ఉన్నా అది ప్రధానంగా చక్కెర పానీయమే. సుక్రోజ్, గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్ అన్నవి కూడా చక్కెర కుటుంబ సభ్యుల పేర్లే. రెండవది, అదనంగా చేర్చిన చక్కెర ఎన్ని గ్రాములన్న అంకె. మూడవది, ఆ అంకె ఎంత పరిమాణానికి ఇచ్చినదన్న విషయం. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములని ఉంటే 250 మిల్లీలీటర్ల సీసా తాగినవారు 25 గ్రాములు సేవించినట్లు. ఇది అయిదవ తరగతి లెక్క. పెద్దవారికైనా రోజంతటిలో 25 గ్రాములు, అంటే సుమారు 6 చెంచాలు మించకుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఒక్క సీసాతో ఆ పరిమితి పూర్తయిందన్నమాట.

ఇక్కడే తెలుగు మాధ్యమ పాఠశాలకు ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. చట్టం ప్రకారం ఆహార పొట్లాల మీది వివరాలు ఇంగ్లీషులోగాని, దేవనాగరి లిపిలోని హిందీలోగాని ఉంటే చాలు. ఇతర భాషలు చేర్చవచ్చునేగాని తప్పనిసరి కాదు. కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసి వినబడే బీదరు వీధులలో ఎందరు తల్లులకు, ఎందరు అమ్మమ్మలకు ఆ చిన్న అక్షరాలు అర్థమవుతాయి? ప్రకటన మాత్రం అందరి భాషలలోను వస్తుంది. తియ్యని మాట తల్లిభాషలో, చేదు నిజం పరభాషలో! ఈ అంతరాన్ని పూరించగలిగినవారు ఈ బడి పిల్లలే. సోడియం, గ్లూకోజు, కాల్షియం అంటే ఏమిటో తెలుగులో చదివి అర్థం చేసుకొన్న విద్యార్థి, ఆ ఇంగ్లీషు మాటలను గుర్తుపట్టి అమ్మమ్మకు తెలుగులో చెప్పగలడు. మాతృభాషలో చదువు దేనికి పనికివస్తుందని అడిగేవారికి ఇంతకంటె మంచి సమాధానం అక్కరలేదు.

సైన్సు ఉపాధ్యాయులు నెలకొక్కసారి పిల్లలచేత ఇంటిలోని ఒక ఖాళీ సీసానో పొట్లాన్నో తెప్పించి, తరగతిలో వెనుకవైపు చదివించవచ్చు. లెక్కల ఉపాధ్యాయులు చెంచాలు లెక్కకట్టించవచ్చు. పాఠశాల వార్షికోత్సవాలలో అతిథులకు శీతల పానీయానికి బదులు మజ్జిగ ఇవ్వవచ్చు. సొంత ఊళ్లలో ఉద్యోగాలలో, వైద్యవృత్తిలో, వ్యాపారంలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు బడిలో మంచినీటి వసతికి తోడ్పడవచ్చు. చల్లని శుభ్రమైన నీరు బడి కుళాయిలో వస్తుంటే బయట దుకాణం వైపు పిల్లల చూపు కొంతైనా తగ్గుతుంది. ఇవి గొప్ప సంస్కరణలు కావు, చేయదగిన చిన్న పనులు.

నేల కింద మూడు కిలోమీటర్ల దూరం త్రవ్వి నీరు తెచ్చుకొన్న పూర్వుల ఊరు ఇది. ఏ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో, ఎంత స్వచ్ఛమో వారు తెలుసుకొని తాగారు. వారి వారసులైన పిల్లలు సీసా ముందువైపు చూసి మోసపోక, వెనుకవైపు తిప్పి చదివి తాగే విజ్ఞులు కావాలని, అందుకు ఈ విద్యాలయం శతవత్సరాలు దాటి వెలుగు చూపాలని ఆకాంక్ష.